పెద్దయ్యాక బయటపడిన పుట్టు గుండె లోపం: ఏ వరుసలో ఏం చేయాలి, వైద్యుణ్ణి ఏం అడగాలి

ముప్పై ఏళ్లకో యాభై ఏళ్లకో వేరే కారణం మీద తీసిన ఎకోలో (ధ్వని తరంగాలతో గుండెను తెరమీద చూసే పరీక్షలో) గుండె నిర్మాణం పుట్టుకతోనే తేడాగా ఉందని తెలియడం అంత అపూర్వమైన విషయమేమీ కాదు. ఎంతకీ అదుపులోకి రాని బీపీ, ఆస్తమా మందులకు లొంగని ఆయాసం, చిన్న వయసులోనే వచ్చిన పక్షవాతం, గర్భం దాల్చిన తర్వాత మొదటిసారి కనిపించిన దడ, మరేదో ఆపరేషనుకు ముందు రివాజుగా చేయించిన పరీక్ష వంటి సందర్భాల్లోనే ఈ లోపాలు ఎక్కువగా బయటపడుతుంటాయి. అపూర్వంగా ఉండేది ఆ లోపం పేరు. ఎబ్‌స్టీన్ లోపం, సైనస్ వీనోసస్ రంధ్రం, కార్ ట్రయేట్రియాటం, ఊపిరితిత్తుల ధమని నుంచి పుట్టిన ఎడమ కరోనరీ (గుండె కండరానికి రక్తమిచ్చే ధమని) వంటివి పెద్దల గుండె జబ్బులు చూసే వైద్యులకు కూడా తరచుగా ఎదురయ్యేవి కావు. అందువల్ల రోగి, అతని కుటుంబం శ్రద్ధ పెట్టవలసిన పని మామూలు గుండె జబ్బుల్లో కంటే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది.

ఆ పనిలో మొదటిదీ ముఖ్యమైనదీ ఒక్కటే. లోపానికి పేరు పెట్టినంత మాత్రాన నిర్ధారణ పూర్తయినట్టు కాదని గుర్తించి, గుండె లోపలి అమరిక మొత్తం స్పష్టంగా తేలేదాకా రంధ్రం మూసివేత, ఆపరేషను, జీవితాంతపు మందులు వంటి పెద్ద నిర్ణయాలకు ఒప్పుకోకుండా ఉండడం. కింద చెప్పేవన్నీ ఆ పని చుట్టూ అల్లుకున్నవే. ఇవి మీ వైద్యునితో మాట్లాడేందుకు సిద్ధం చేసే మాటలే గాని, వీటిని చూసి సొంతంగా మందులు మొదలుపెట్టడం, ఆపడం చేయకూడదు.

ముందుగా తొందర ఉందో లేదో తేల్చుకోండి

పరుగెత్తుతుండగానో మెట్లెక్కుతుండగానో స్పృహ తప్పడం, శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి లేదా బిగింపు, కళ్లు తిరిగేంత వేగంగా కొట్టుకునే దడ, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, ఉన్నట్టుండి మాట తడబడడం లేదా ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం, దగ్గుతో రక్తం పడడం: వీటిలో ఏది ఉన్నా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. రోజుల తరబడి తగ్గని జ్వరాన్ని కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి, ఎందుకంటే లోపమున్న కవాటాల మీద, సన్నటి రంధ్రాల అంచుల మీద సూక్ష్మక్రిములు తిష్ట వేసి గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ తెచ్చే అవకాశముంది. అటువంటి జ్వరానికి యాంటీబయోటిక్ మొదలుపెట్టే ముందే రక్తం తీసి బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చేయమని అడగండి. ఒకటి రెండు మోతాదులు పడిన తర్వాత తీసిన రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చు, అప్పుడు చికిత్స గుడ్డిగా నడుస్తుంది. గర్భవతిగా ఉండగా లోపం బయటపడితే వారాలు ఆగకుండా రోజుల్లోనే నిపుణులను కలవాలి.

ఇవేవీ లేకపోతే, కంగారు ఎంతగా ఉన్నా, నిదానంగా నడిచేందుకు సమయం ఉందనే అర్థం. ఇన్నేళ్లు ఓపిక పట్టిన గుండెకు మరికొన్ని వారాలు సరైన పరీక్షలకు వెచ్చించడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. సగం తెలిసిన లోపానికి హడావిడిగా చేసిన చికిత్స వల్ల మాత్రం నష్టం ఉంటుంది.

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదన్నది అడగవలసిన ప్రశ్నే

చాలామంది దీన్ని నిష్ఠూరంగా అడుగుతారు గాని, ఇది వైద్యపరంగా విలువైన ప్రశ్న. పెద్దవయసు వరకు దాగిన ప్రతి లోపం వెనుకా దాన్ని ఇన్నాళ్లు కాపాడిన ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ ఏర్పాటు ఏమిటో తెలిస్తే ఇప్పుడు ఏది సడలుతున్నదో, రేపు దేన్ని కనిపెట్టి ఉండాలో తెలుస్తుంది.

రెండు కర్ణికల (గుండె పై గదుల) మధ్య గోడలో రంధ్రం ఉన్నవారిలో పీడనాలు తక్కువ కాబట్టి రక్తం ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జారుతుంది, కుడి గుండె సాగి ఆ అదనపు బరువును మోస్తుంది. వయసు పెరిగి, బీపీ వచ్చి, ఎడమ జఠరిక (రక్తాన్ని బయటికి కొట్టే కింది గది) బిరుసెక్కే కొద్దీ అదే రంధ్రం గుండా ఎక్కువ రక్తం మళ్లుతుంది. ఇరవైల్లో ఏ ఇబ్బందీ లేనివారికి నలభై దాటాక ఆయాసం, లయ తప్పడం మొదలవడానికి కారణం ఇదే. బృహద్ధమని (గుండె నుంచి శరీరానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) ఒకచోట నొక్కుకుపోయి పుట్టినవారిలో ఛాతీ గోడలోని చిన్న ధమనులు లావెక్కి రక్తాన్ని పక్కదారిన కిందికి చేరవేస్తాయి. ఆ ధమనుల ఒత్తిడికి పక్కటెముకల కింది అంచులు అరిగి ఎక్స్‌రేలో నొక్కుల్లా కనిపిస్తాయి. ఎడమ కరోనరీ ధమని బృహద్ధమని నుంచి కాక ఊపిరితిత్తుల ధమని నుంచి పుట్టే లోపం సుమారు 3 లక్షల జననాల్లో ఒకరికి ఉంటుందని అంచనా. అందులో పెద్దవయసు దాకా బతికేవారు కుడి కరోనరీ నుంచి ఎడమ వైపుకు అల్లుకున్న సంధి నాళాల పుణ్యమా అని బతుకుతారు. అయితే ఆ నాళాలు తెచ్చిన రక్తంలో కొంత కండరానికి అందకుండానే తక్కువ పీడనమున్న ఊపిరితిత్తుల ధమనిలోకి జారిపోతుంది. శ్రమ చేసినప్పుడు ప్రాణాపాయకరమైన లయ దోషాలు రావడం, ఉన్నట్టుండి మరణం సంభవించడం ఈ లోపంలో భయపడవలసిన అంశాలు, కాబట్టి లక్షణాలు లేకపోయినా దీన్ని సాధారణంగా వదిలేయరు.

అన్నిటికంటే విచిత్రమైనది సరిదిద్దుకున్న ధమనుల తారుమారు. ఇందులో రెండు జఠరికలు ఒకదాని స్థానంలో మరొకటి ఉంటాయి, వాటి నుంచి బయలుదేరే పెద్ద ధమనులు కూడా స్థానాలు మార్చుకుని ఉంటాయి. రెండు తారుమార్లు కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఊపిరితిత్తులకూ, ఆక్సిజన్ నిండిన రక్తం శరీరానికీ సక్రమంగానే వెళ్తాయి. తోడుగా వేరే లోపాలేవీ లేకపోతే మనిషి నీలం రంగుకు తిరగడు, గుండె శబ్దాల్లోనూ పెద్ద తేడా ఉండకపోవచ్చు. కాని శరీరమంతటికీ రక్తం కొట్టే భారం కుడి జఠరిక మీద పడింది, ఆ భారాన్ని జీవితాంతం మోయడానికి తగిన కండర నిర్మాణం దానికి లేదు. ఏళ్లు గడిచే కొద్దీ అది సడలుతుంది, దాని ద్వారం దగ్గర కాపలాగా ఉన్న ట్రైకస్పిడ్ కవాటం లీకవుతుంది. గుండె కొట్టుకునే సంకేతాన్ని మోసే విద్యుత్ మార్గం కూడా అసహజమైన దారిలో పోతుంది కాబట్టి ఏడాదికి సుమారు 2 శాతం మందిలో అది పూర్తిగా తెగి పేస్‌మేకర్ అవసరమవుతుంది.

నివేదికను వాక్యం వాక్యంగా చదివించుకోండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. పెద్దలకు ఎకో తీసేవారి కళ్లు కవాటాల అరుగుదలకు, గుండెపోటు మిగిల్చిన మచ్చలకు, కండరం బలహీనతకు అలవాటుపడి ఉంటాయి. పుట్టుకతో వచ్చిన తేడాను ఆ కళ్లతో చూసినప్పుడు అది తెలిసిన జబ్బులాగే కనిపిస్తుంది, పొరపాట్లు అక్కడే పుడతాయి. పైన చెప్పిన తారుమారునే తీసుకుంటే, ఎకో నివేదికలో అది ‘ఎడమ జఠరిక వ్యాకోచించింది, పంపింగ్ తగ్గింది, మైట్రల్ కవాటం (మామూలుగా ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండేది) లీక్ ఉంది’ అని నమోదై, సాధారణ కండర బలహీనతగా ఏళ్ల తరబడి మందులు నడిచే అవకాశముంది. ఈసీజీలో సంకేతం తిరగబడిన దిశలో పోవడం వల్ల పాత గుండెపోటు గుర్తుల్లాంటివి కూడా కనిపిస్తాయి. తెరమీద జాగ్రత్తగా చూసిన నిపుణునికి మాత్రం రెండు ఆనవాళ్లు పట్టిస్తాయి: ఎడమ వైపున్న జఠరిక లోపలి గోడ నున్నగా ఉండకుండా ముతక కండర పట్టీలతో గరుకుగా ఉంటుంది, ఎడమ వైపు కవాటం మధ్యగోడకు అతుక్కున్న చోటు కుడి వైపు కవాటం కంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. కిందికి దిగి అతుక్కునేది ట్రైకస్పిడ్ కవాటం లక్షణం, అది ఏ వైపుంటే కుడి జఠరిక ఆ వైపున్నట్టు.

కాబట్టి నివేదికను ముందు పెట్టుకుని వైద్యుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ‘ఏ కర్ణిక నుంచి రక్తం ఏ జఠరికలోకి వెళ్తున్నది, ఆ జఠరిక నుంచి ఏ ధమని బయలుదేరుతున్నది, ఊపిరితిత్తుల సిరలు నాలుగూ ఎక్కడికి చేరుతున్నాయి?’ చివరి భాగాన్ని వదిలిపెట్టవద్దు. కుడి గుండె పెద్దదై ఉంది గాని కారణం కనిపించడం లేదని నివేదిక చెబితే, ఆ కారణం తరచుగా ఛాతీ మీద పెట్టి తీసే మామూలు ఎకోకు అందని మూలలో ఉంటుంది. సైనస్ వీనోసస్ రకం రంధ్రం కర్ణికల గోడ మధ్యలో కాక, పై మహాసిర (తల, చేతుల నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) గుండెలో కలిసే చోటుకు ఆనుకుని ఉంటుంది. దానితోపాటు కుడి ఊపిరితిత్తి నుంచి వచ్చే సిరలు కొన్ని ఎడమ కర్ణికకు బదులు మహాసిరలో కలుస్తుంటాయి. పెద్దవారి ఛాతీలో ఆ మూల మామూలు ఎకోకు సరిగా కనిపించదు. గొంతు గుండా గొట్టం దించి తీసే ఎకో, లేదా సీటీ, ఎంఆర్‌ఐ చేస్తే గాని దాని సంగతి తేలదు. కారణం తెలియకుండా కుడి గుండె పెద్దదైందన్న వాక్యాన్ని నివేదికలో అలాగే వదిలి ఆరు నెలల తర్వాత రమ్మంటే, ఈ పరీక్షల సంగతి మీరే ప్రస్తావించండి.

బుడగల ఎకో అనే పరీక్షను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఏ చేతికి సూది వేశారన్నది ఇందులో ఫలితాన్నే మార్చేస్తుంది. రెండు సిరంజీలను మూడు దారుల కుళాయికి బిగించి, ఒకదానిలో సెలైన్, కొద్దిగా గాలి తీసుకుని, అటూ ఇటూ వేగంగా తోస్తారు. నీరు తెల్లగా మసకబారేసరికి అందులో కంటికి ఆనని బుడగలు నిండిపోతాయి. దాన్ని వెంటనే చేతి సిరలోకి ఎక్కించి తెరమీద చూస్తే కుడి కర్ణిక ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఊపిరితిత్తులు బుడగలను వడకట్టేస్తాయి కాబట్టి ఎడమ వైపు నల్లగానే ఉండాలి. ఒకటి రెండు స్పందనల్లోనే ఎడమ వైపు బుడగలు కనిపిస్తే గోడలో దారి ఉన్నట్టు, చాలా స్పందనల తర్వాత కనిపిస్తే ఆ దారి ఊపిరితిత్తుల్లో ఉందని అనుమానించాలి. సూది సాధారణంగా కుడి చేతికి వేస్తారు. కాని కొందరిలో పుట్టుకతో ఎడమ వైపు కూడా ఒక పై మహాసిర మిగిలిపోయి ఉంటుంది. అది గుండె వెనుక భాగంలోని కరోనరీ సైనస్‌లో కలుస్తుంది, అరుదుగా ఆ సైనస్‌కు పైకప్పు లేక రక్తం నేరుగా ఎడమ కర్ణికలోకి పోతుంది. అటువంటి మనిషికి కుడి చేతి నుంచి చేసిన పరీక్షలో తేడా కనిపించకపోవచ్చు. ఎడమ చేతి నుంచి చేస్తే బుడగలు ముందుగా ఎడమ కర్ణికలోనే ప్రత్యక్షమవుతాయి. కరోనరీ సైనస్ లావుగా ఉందన్న మాట నివేదికలో ఉంటే, ఎడమ చేతి నుంచి పరీక్ష చేశారా అని అడగడం తప్పు కాదు.

పెద్ద యంత్రాలతో పనిలేని కొలతలు కూడా ఉన్నాయి. బీపీని రెండు చేతులకూ, కనీసం ఒక కాలికీ చూడమనండి. తొడకు చుట్టేటప్పుడు పట్టీ తగినంత వెడల్పు ఉండాలి. మామూలుగా కాలి బీపీ చేతి బీపీకి సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది, స్పష్టంగా తక్కువైతే బృహద్ధమని నొక్కు గురించి వెతకాలి. ఎడమ చేతి ధమని నొక్కుకు కింద నుంచి పుట్టినవారిలో ఆ చేతి బీపీ కూడా తక్కువ చూపి మోసం చేస్తుంది, కాబట్టి కుడి చేతి కొలతను కాలితో పోల్చడం మంచిది. ఆక్సిజన్ శాతాన్ని కూర్చున్నప్పుడే కాక కాసేపు నడిచిన వెంటనే కూడా చూడాలి. బృహద్ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్య పుట్టుకకు ముందుండే నాళం మూసుకోకుండా మిగిలి, ఊపిరితిత్తుల పీడనం బాగా పెరిగిపోయినవారిలో చేతి వేలికి పెట్టిన క్లిప్పు సాధారణ అంకె చూపుతుంది, కాలి వేలికి పెడితే తక్కువ చూపుతుంది. చేతి వేళ్లు మామూలుగా ఉండి కాలి వేళ్లు మాత్రం నీలంగా, గోళ్లు ఉబ్బి ఉండడం దీని ఆనవాలు. చెప్పులు విప్పించి చూడకపోతే ఇది ఎవరికీ కనబడదు.

కార్ ట్రయేట్రియాటంలో ఎడమ కర్ణికను అడ్డంగా ఒక పొర రెండు గదులుగా చేస్తుంది. లక్షణాలు మైట్రల్ కవాటం సన్నబడినట్టే ఉంటాయి గాని కవాటం బాగానే ఉంటుంది. ఎబ్‌స్టీన్ లోపంలో ట్రైకస్పిడ్ కవాటపు రెక్కలు జఠరిక లోపలికి జారి అతుక్కుని ఉంటాయి. 1866లో విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ దీన్ని మొదట వర్ణించినది 19 ఏళ్ల కూలీ మృతదేహాన్ని పరీక్షించి, అంటే ఈ లోపంతో శరీర శ్రమ చేస్తూ యుక్తవయసుకు చేరినవారు మొదటి నుంచీ ఉన్నారన్నమాట. దీనితోపాటు కొందరిలో అదనపు విద్యుత్ మార్గం ఉండి దడ రప్పిస్తుంది కాబట్టి ఈసీజీతోపాటు 24 గంటల హోల్టర్ పరీక్ష (రోజంతా గుండె లయను నమోదు చేసేది) కూడా అవసరమవుతుంది.

‘నాకు లక్షణాలేమీ లేవు’ అనే ముందు

పుట్టినప్పటి నుంచీ ఇదే గుండెతో బతికినవారికి మామూలు ఓపిక ఎలా ఉంటుందో పోల్చి చూసుకునే అవకాశమే లేదు. మెట్ల దగ్గర ఫోన్ చూసుకునే నెపంతో ఆగడం, ఆటల్లో అంపైరుగా నిలబడిపోవడం, బరువు పని ఇతరులకు అప్పగించడం వంటివి స్వభావంలో భాగమైపోయి ఉంటాయి. ఆయాసమేమీ లేదని వారు చెప్పేది అబద్ధం కాదు, ఆయాసం వచ్చేంత పని వారు చేయరంతే. అందుకే మాట మీద ఆధారపడకుండా, సైకిల్ మీదనో ట్రెడ్‌మిల్ మీదనో ముఖానికి మాస్కు పెట్టి శ్వాసలోని వాయువులను కొలిచే వ్యాయామ పరీక్ష చేయించుకోవడం ఎంతో ఉపయోగం. ఆ వయసుకు, ఆ లింగానికి అంచనా వేసిన సామర్థ్యంలో మీది ఎంత శాతమో అది చెబుతుంది, శ్రమలో ఆక్సిజన్ పడిపోతున్నదో లేదో, లయ తప్పుతున్నదో లేదో చూపుతుంది. తర్వాతి ఏళ్లలో పోల్చుకోవడానికి మొదటి కొలతగా నిలుస్తుంది.

ఎవరికి చూపించాలి

పిల్లల గుండె వైద్యులకు లోపాలు క్షుణ్ణంగా తెలుసు, పెద్దల గుండె వైద్యులకు పెద్దవయసు జబ్బులు తెలుసు. ఈ రెండూ కలిసిన చోట పని చేసేందుకు పెద్దల పుట్టు గుండె లోపాల విభాగం ప్రత్యేక శాఖగా ఎదిగింది. అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో, యూరోపియన్ కార్డియాలజీ సంఘం 2020లో వీటి చికిత్సకు విడిగా మార్గదర్శకాలు ప్రచురించాయి. మధ్యస్థ, సంక్లిష్ట లోపాలున్నవారిని ఇటువంటి కేంద్రంలో కనీసం సంప్రదింపుకైనా చూపించాలన్నది వాటి సారాంశం. 2018 వర్గీకరణ ప్రకారం సరిదిద్దుకున్న తారుమారు సంక్లిష్ట తరగతిలోనూ, ఎబ్‌స్టీన్, సైనస్ వీనోసస్ రంధ్రం, బృహద్ధమని నొక్కు మధ్యస్థ తరగతిలోనూ వస్తాయి. అటువంటి కేంద్రం దూరమైతే మీ వైద్యునితో చెప్పి పరీక్షలను అక్కడికి పంపి అభిప్రాయం తెప్పించుకోవచ్చు. చాలామంది వైద్యులు దీన్ని చిన్నతనంగా భావించరు, భావించేవారి దగ్గర ఇలాంటి లోపానికి చికిత్స చేయించుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

వెళ్లేటప్పుడు ముద్రించిన నివేదికలు మాత్రమే కాక అసలు దృశ్యాలను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకువెళ్లండి. నివేదిక మరొకరి అభిప్రాయం మాత్రమే, నిపుణుడు మళ్లీ చూడవలసింది కదిలే బొమ్మలను. పాత ఈసీజీలు, ఉద్యోగంలో చేరినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రే, ప్రసవ సమయంలోని కాగితాలు కూడా వెదికి తీయండి. పదేళ్ల కిందటి ఎక్స్‌రేలో గుండె ఎంత ఉందో తెలిస్తే మార్పు వేగం తెలుస్తుంది.

చికిత్స గురించి మాట్లాడేటప్పుడు

లోపం కనిపించింది కాబట్టి సరిచేయాలన్న నియమం లేదు, ఇన్నాళ్లు ఏమీ కాలేదు కాబట్టి వదిలేయాలన్న నియమమూ లేదు. కర్ణికల మధ్య రంధ్రం వల్ల కుడి గుండె పెద్దదై, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం శరీరానికి వెళ్లే రక్తానికి ఒకటిన్నర రెట్లు లేదా అంతకు మించి ఉండి, ఊపిరితిత్తుల ధమనిలోని పై (సిస్టాలిక్) పీడనం శరీర పీడనంలో సగం కంటే తక్కువగా, అక్కడి రక్తనాళాల నిరోధం శరీరపు నిరోధంలో మూడో వంతు కంటే తక్కువగా ఉంటే మూసివేత వల్ల మేలు జరుగుతుంది. ఆ పీడనం, నిరోధం మూడింట రెండు వంతులు దాటినా, రక్తం కుడి నుంచి ఎడమకు తిరగబడినా మూసివేయకూడదు. ఆ దశను ఐసెన్‌మెంగర్ స్థితి అంటారు, 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ వర్ణించిన రోగికి 32 ఏళ్లు. ఆ స్థితిలో రంధ్రమే కుడి జఠరికకు ఊపిరి సలిపే దారి, దాన్ని మూస్తే కుడి జఠరిక కుప్పకూలుతుంది. కాబట్టి మూసివేత గురించి మాట వచ్చినప్పుడు, పీడనాలను కాథెటర్‌తో (రక్తనాళం గుండా పంపే సన్నని గొట్టంతో) లోపలే కొలిచారా, ఎకో అంచనా మీదనే ఆధారపడుతున్నారా అని అడగండి. ఎకో అంచనాలో పీడనం పెరిగినట్టు ఉంటే కాథెటర్ కొలత లేకుండా ముందుకు వెళ్లకూడదు.

రంధ్రాన్ని తొడ సిర గుండా పరికరం పంపి మూయడం గోడ మధ్యలో ఉండే సెకండం రకానికి, అదీ చుట్టూ తగినంత అంచు ఉన్నప్పుడు సాధ్యం. సైనస్ వీనోసస్ రకానికి మామూలుగా ఆపరేషనే మార్గం. ఇటీవలి సంవత్సరాల్లో ఎంపిక చేసిన కొందరికి కవరున్న స్టెంట్‌తో కూడా చేస్తున్నారు. బృహద్ధమని నొక్కుకు, బీపీ ఉండి నొక్కుకు అటూ ఇటూ పీడన భేదం 20 మి.మీ. లేదా అంతకు మించితే స్టెంట్ లేదా ఆపరేషను ఆలోచిస్తారు. ఈ లోపమున్న పెద్దవారిలో సుమారు పదిమందిలో ఒకరికి మెదడు ధమనుల్లో ఉబ్బు ఉంటుంది కాబట్టి తలకు ఎంఆర్ లేదా సీటీ యాంజియోగ్రామ్ సంగతి కూడా అడగండి. నొక్కు సరిచేసిన తర్వాత కూడా బీపీ మందులు కొనసాగవలసి రావచ్చని ముందే తెలుసుకోవడం మంచిది, లేకపోతే ఆపరేషను విఫలమైందన్న నిరాశ కలుగుతుంది.

సరిదిద్దుకున్న తారుమారు ఉన్న పెద్దవారిలో మాత్రం తరచుగా జరిగేది కనిపెట్టి ఉండడమే. ట్రైకస్పిడ్ కవాటం లీకు పెరుగుతుంటే జఠరిక బలం పూర్తిగా తగ్గకముందే కవాటం మార్చడం గురించి మాట్లాడాలి, ఆలస్యమైతే ప్రయోజనం తగ్గుతుంది. ఎడమ జఠరిక బలహీనతలో ఆయుష్షు పెంచుతాయని రుజువైన మందులు శరీర భారం మోసే కుడి జఠరికలో అంతే మేలు చేస్తాయని రుజువు కాలేదు. అందువల్ల ‘ఈ మందు నాకు ఎందుకు ఇస్తున్నారు, ఏం మారితే ఆపుతారు’ అన్న ప్రశ్న ఇక్కడ న్యాయమైనదే.

రోజువారీ జాగ్రత్తలు

పళ్లు, చిగుళ్ల శుభ్రతకు గుండెతో నేరుగా సంబంధం ఉంది. చిగుళ్లను కదిలించే దంతచికిత్సకు ముందు యాంటీబయోటిక్ అందరికీ అవసరం లేదు. ఒకసారి గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారికి, కృత్రిమ కవాటమున్నవారికి, ఆపరేషను కాని నీలం రకం లోపమున్నవారికి (ఆక్సిజన్ తగ్గిన రక్తం శరీరంలోకి కలిసి చర్మం నీలంగా మారేవారికి), కృత్రిమ పదార్థంతో సరిచేసి ఆరు నెలలు దాటనివారికి, సరిచేసిన చోట ఇంకా లీకు మిగిలినవారికి ఇస్తారు. మీరు ఈ వర్గాల్లో ఉన్నారో లేదో వైద్యుని చేత ఒక కాగితం మీద రాయించుకుని దంత వైద్యునికి చూపించండి.

వ్యాయామాన్ని పూర్తిగా మానేయడం ఎక్కువమందికి అవసరం లేదు, మేలు కూడా కాదు. వ్యాయామ పరీక్ష ఫలితాన్ని చూసి ఎంత వేగంతో, ఎంత సేపు అన్నది రాయించుకోవాలి. నొక్కున్నవారు, బృహద్ధమని వెడల్పైనవారు ఊపిరి బిగపట్టి బరువులెత్తడం మానాలి. కరోనరీ ధమని తప్పు చోటు నుంచి పుట్టినవారు నిపుణుల నిర్ణయం వచ్చేదాకా పోటీ ఆటలకు దూరంగా ఉండాలి. గుండెలో కుడి నుంచి ఎడమకు రక్తం మళ్లేవారు స్కూబా డైవింగ్ చేయకూడదు. వారికి సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూడాలి, ఎందుకంటే అది ఊపిరితిత్తుల్లో వడకట్టబడకుండా నేరుగా మెదడుకు చేరవచ్చు. నీలం రకం లోపమున్నవారిలో హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం ఆక్సిజన్ కొరతకు శరీరం చేసుకున్న సర్దుబాటు. అంకె చూసి బెదిరి రక్తం తీయించడం వల్ల ఇనుము కొరత వచ్చి పరిస్థితి విషమిస్తుంది.

గర్భధారణ, కుటుంబం

బిడ్డను కనాలనుకునేవారు గర్భం రాకముందే గుండె నిపుణునితో, ప్రసూతి నిపుణునితో కలిపి మాట్లాడాలి. మూసిన లేదా చిక్కులు లేని కర్ణికల రంధ్రంతో చాలామంది క్షేమంగా ప్రసవిస్తారు. ఐసెన్‌మెంగర్ స్థితిలో మాత్రం తల్లి ప్రాణానికి ముప్పు చాలా ఎక్కువ కాబట్టి గర్భం వద్దనే చెబుతారు. గుండె వైఫల్యానికి, ఊపిరితిత్తుల పీడనానికి వాడే మందుల్లో కొన్ని పిండానికి హాని చేస్తాయి, అవి ముందే మార్చాలి. గర్భనిరోధక మాత్రల విషయం కూడా ఇదే చర్చలో తేల్చుకోవాలి, ఎందుకంటే కుడి నుంచి ఎడమకు రక్తం మళ్లేవారిలో ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు గడ్డలు కట్టించి పక్షవాతానికి దారితీయవచ్చు.

తల్లిదండ్రుల్లో ఒకరికి లోపముంటే బిడ్డకు వచ్చే అవకాశం లోపాన్ని బట్టి మారుతుంది, స్థూలంగా 3 నుంచి 5 శాతం అని చెబుతారు. జన్యుపరమైన సిండ్రోమ్ ఉంటే అది 50 శాతం వరకు ఉండవచ్చు. 18 నుంచి 22 వారాల మధ్య పిండం గుండెకు ఎకో చేయించడం ఇటువంటి కుటుంబాలకు సూచిస్తారు. బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నట్టు తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా ఎకో చేయించడం మంచిది, నొక్కున్నవారిలో ఈ రెండు రెక్కల కవాటం తరచుగా తోడుంటుంది.

తర్వాత ఎన్నాళ్లకోసారి

తేలికపాటి లోపమై, లక్షణాలు లేకపోతే మూడు నుంచి ఐదేళ్లకోసారి సరిపోతుంది. సంక్లిష్ట లోపానికి ఏటా, ముదిరిన దశలో మూడు నుంచి ఆరు నెలలకోసారి వెళ్లాలి. రంధ్రం మూసేశారు కదా అని ఎవరైనా ఇక రానక్కర్లేదంటే, లయ తప్పడం అనేది మూసివేత తర్వాత ఏళ్లకు కూడా మొదలవుతుందని గుర్తుంచుకుని మరోచోట అడగండి.

లోపం పూర్తి పేరు, ఏ జఠరిక శరీరానికి రక్తం కొడుతున్నది, మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం, ఏ చేతికి బీపీ చూడాలి, దంతచికిత్సకు ముందు మందు కావాలా వద్దా, సెలైన్‌లో గాలి విషయం, వాడుతున్న మందులు, చికిత్స చేసే కేంద్రం ఫోను నంబరు: ఇవన్నీ ఒకే అట్ట మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోనులో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి పంపండి. మామూలు ఈసీజీ కాపీ ఒకటి కూడా దానితో ఉండాలి, అప్పుడు అత్యవసర విభాగంలో కొత్తగా తీసిన ఈసీజీలో ఏది పాత తేడా, ఏది కొత్త తేడా అన్నది డ్యూటీ వైద్యునికి వెంటనే తెలుస్తుంది. గుండె ఛాతీలో కుడి పక్కకు ఉన్నవారు ఆ మాటను అట్ట మీద అన్నిటికంటే పైన రాయించుకోవాలి, ఎందుకంటే వారికి ఈసీజీ తీగలు పెట్టే చోటూ, షాక్ ఇచ్చే ప్యాడ్‌లు అంటించే చోటూ రెండూ మారతాయి.